ముగ్గేసిన ఎయిర్‌పోర్టు

"పెద్దమ్మా, ఏడున్ననో నాకే తెల్వదు. ఎటు జూసినా అద్దాలే. అద్దాలల్ల నేనే కనవడుతున్న."

ఫోన్‌లో షాజియా గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టు వచ్చింది. ఆ పిల్ల ఉన్నది సముద్రం అవతల, గల్ఫ్‌లోని ఒక ఎయిర్‌పోర్టులో. వింటున్న రేణుకమ్మ ఉన్నది వనపర్తి ఊరవతల, మూతబడ్డ ఒక ఫంక్షన్ హాల్లో.

ఆ ఎయిర్‌పోర్టు ఎంత పెద్దదంటే, ఇటిక్యాలనూ మానవపాడునూ చెట్టూ పుట్టా సహా ఎత్తుకెళ్లి లోపల పెట్టినా, మధ్యలో జాతర చేసుకునేంత జాగా మిగులుతుందట. లోపల్లోపలే రైలు నడుస్తుందట. నేల కూడా నడుస్తుందట. మనిషి ఊరికే నిలబడితే చాలు, మోసుకెళ్లి ఇంకోచోట దింపుతుందట. అందులో దారి తప్పిన ఒకడికి గడ్డం మొలిచి, నెరిసి, రాలిపోయినా తలుపు మాత్రం దొరకలేదని గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు గద్వాల టీ బండ్ల దగ్గర ఒట్టేసి చెబుతుంటారు. ఆ మాటలకు రేణుకమ్మ ఎప్పుడూ పగలబడి నవ్వేది. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు.

"కూసున్న జాగల్నే ఉండు బిడ్డా. పక్కన ఎవరన్న పిల్లల తల్లి ఉన్నదా?"

"ఉన్నది. ఆమె మాట నాకు సమజ్ కాదు."

"సమజ్ కాకుంటె మానె. ఆమె కొంగు వట్టుకున్నట్టు కూసో. రెండో విమానం ఎన్నిటికి?"

"ఇంకో గంటల గేటు బందు వెడ్తరంట పెద్దమ్మా."

"మళ్ల చేస్త. అప్పటిదాంక ఎవరు పిలిచినా లేవకు. మన తెలుగుల పిలిచినా లేవకు."

రేణుకమ్మ ఫోన్ పెట్టేసింది. ఒకప్పుడు పోలీసు కానిస్టేబులు, ఇప్పుడు గద్వాలలో సొంత బోర్డు కట్టుకున్న డిటెక్టివ్. దొంగల మెడలు వంచింది, అర్ధాంతరంగా మాయమైన మొగుళ్లను పక్కూళ్ల నుంచి చెవి పట్టి తెచ్చింది. కానీ విమానం ఎక్కలేదు. హైదరాబాదులో కదిలే మెట్లు చూసి కాళ్లు వణికి వెనక్కి వచ్చిన మనిషి. ఆమెకు లోకంలో ఉన్న ఒకే ఒక్క భయం, ఇటు నుంచి వచ్చానో అటు నుంచి వచ్చానో తెలియని చోట నిలబడటం. సరిగ్గా అలాంటి చోటే షాజియా కూర్చుని ఉంది.

కేసు మొదలైంది షాజియాతో కాదు. హాల్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్న సాయమ్మతో. ఆమెది ఇటిక్యాల, గద్వాలలో మగ్గాల దగ్గర కూలి పని. కూతురు అర్చన నాలుగు నెలల కింద ఇంటి పని కోసం ఈ హాల్లో క్లాసులు నడిపే గల్ఫ్ ఏజెన్సీ ద్వారా బయలుదేరింది. మొదటి విమానం దిగింది. రెండోది ఎక్కలేదు. ఎయిర్‌పోర్టు దాటి ఆ దేశంలోకి అడుగు పెట్టినట్టు ముద్రా లేదు. మధ్యలో ఉన్నది ఒక్క ఎయిర్‌పోర్టే. అక్కడే ఆవిరైనట్టు మాయమైంది.

ఇవాళ పొద్దున మానవపాడు నుంచి హుసేన్‌బీ అనే ఆమె ఏడుస్తూ రేణుకమ్మకు ఫోన్ చేసింది. తన కూతురు షాజియాను అదే ఏజెన్సీ రాత్రి విమానం ఎక్కించిందనీ, పిల్ల దారిలో భయపడుతోందనీ చెప్పింది. ఆ మాట వినగానే రేణుకమ్మ షాజియా నెంబరు తీసుకుని, సాయమ్మను వెంటబెట్టుకుని, నేరుగా ఇక్కడికి వచ్చింది.

హాలు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ మీద శ్రవణ్ కుమార్ చెమటలు కక్కుతున్నాడు. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకు 'ఎయిర్‌పోర్టు క్లాసు' చెప్పే మాస్టారు ఇతనే. చదువు రానివాళ్లు పరాయి చోట దారి తప్పకుండా ఇక్కడే ముందు నడిపించి చూపిస్తాడు. రెండు వరుసల కుర్చీలు విమానం. నిలబెట్టిన ఇనుప మంచం చెకింగ్ గుమ్మం. గుడ్డ కప్పిన బల్ల పాస్‌పోర్టు కౌంటరు. వీటన్నిటినీ కలుపుతూ నాపరాళ్ల నేల మీద ముగ్గు. తెల్ల గీతలు దారులు, ఎర్రమన్ను గీతలు గోడలు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఆ ఆడవాళ్లే నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ఈ ముగ్గు మళ్లీ దిద్దుతారు. చేత్తో వేసిన దారిని కాలు మరిచిపోదని మాస్టారి సిద్ధాంతం.

"శ్రవణ్ సారూ, నువ్వు విమానం ఎక్కినవా?"

"ఎక్కిన మేడం. అంటే... దగ్గర్నుంచి చూసిన."

"ఎంత దగ్గర్నుంచి?"

"శంషాబాదు రోడ్డు మీది నుంచి."

"శానా దగ్గరే. మరి ఈ ముగ్గు ఎవరు చెప్తే ఏపిచ్చినవు?"

"ఓనర్ రాఘవేందర్ సారు ఫోన్ల పటం వంపిండు. విమానం దిగాలె. చెకింగ్ దాటాలె. దారి రెండు చీలినకాడ ఎడమకు తిరగాలె. ఆడ బాత్రూంకు పోవాలె. మొకం కడుక్కోని మళ్ల కుడికొచ్చి గేటుకు పోవాలె. గంతే మేడం."

"బాత్రూంకు పోవుడు గూడ క్లాసుల చెప్తరా?"

"దూరం ప్రయాణం గదా మేడం."

"నాకు అక్కరొస్తే నేను పోత. అక్కర లేకున్నా పొమ్మని నేర్పుడు ఏందిరా నాయనా?"

రేణుకమ్మ చెప్పులు విప్పి ముగ్గులోకి దిగింది.

కుర్చీల విమానం దగ్గర మొదలుపెట్టింది. మంచం కింద నుంచి వంగి దాటింది. బల్ల ముందు ఆగింది. దారి చీలిన చోట నిలబడి, మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకు ఆనేంత వంగి చూసింది. కుడివైపు, గేటుకు పోయే ముగ్గు నిన్న వేసినట్టు ఉంది. దాని మీద పిచ్చుక కాలి గుర్తులు తప్ప మనిషి అడుగు లేదు. ఎడమ వైపు ముగ్గు ఆనవాలే లేదు. అడుగులు తొక్కి తొక్కి పొడిని చెరిపేశాయి. దాని కింద రాయి అద్దంలా నున్నబడింది. ఆ నునుపు మీద జంట గీతలు, చక్రాల పెట్టెలు లాగి లాగి పడిన గీతలు, ఒకదాని మీద ఒకటి బండిబాట లాగా.

రేణుకమ్మ లేచి నిలబడింది.

"నువ్వు వీళ్లకు విమానం ఎక్కుడు నేర్పలే శ్రవణ్. బాత్రూంకు పోవుడు నేర్పినవు."

ఆ గీతలు హాలు వెనక ఉన్న నిజమైన బాత్రూం వరకూ పోయాయి. ఆమె తలుపు నెట్టింది. ఫినాయిల్ వాసన. గోడకు వరుసగా మేకులు. ప్రతి మేకుకూ చీర అంచు ముక్క వేలాడుతోంది. గద్వాల చీరల అంచులు, జరీ పోగులతో సహా కత్తిరించినవి. ఆకుపచ్చవి గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. చివరి మేకుకు మాత్రం ఎర్ర ముక్క, ఒంటరిగా.

మన ఊళ్లవాళ్లు పెట్టె గుర్తు పట్టడానికి పిడికి గుడ్డ కట్టుకోవడం కొత్తేమీ కాదు. కానీ ఇక్కడ గుడ్డ పెట్టెను గుర్తు పట్టడానికి కాదు. పోయిన వారమే, ఇదే ఏజెన్సీ పంపిన కల్వకుర్తి ఆమె ఒకతి ఫోన్‌లో రేణుకమ్మకు ఒక సంగతి చెప్పింది. ఎయిర్‌పోర్టు బాత్రూంలో ఎవరో ఆడమనిషి తన పెట్టె తీసుకుని, అచ్చం అలాంటిదే, అదే ఆకుపచ్చ అంచు కట్టినది చేతికిచ్చిందట. అవతలి దేశంలో దిగగానే ఏజెన్సీ మనిషి ఆ పెట్టె తీసుకుని వెళ్లిపోయాడట. చెకింగ్ దాటాక పెట్టె మారితే ఇక దాన్ని విప్పి చూసేదెవరు? అందులో ఉన్నది పప్పూ బెల్లం కాదని చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

ఆ సంగతి సరే. ఆకుపచ్చ కట్టుకున్న ఆ కల్వకుర్తి ఆమె క్షేమంగా పని దగ్గరికి చేరింది. అర్చన చేరలేదు.

రేణుకమ్మ ఎర్ర ముక్క తెచ్చి శ్రవణ్ ముఖం ముందు ఆడించింది.

"ఇది ఎవరికి కడ్తవు?"

"ఎప్పుడన్న ఒక్కసారి మేడం. అందరికి గాదు."

"అర్చనకు కట్టినవా?"

అతను తల దించుకున్నాడు.

"షాజియాకు?"

తల ఇంకా కిందికి పోయింది.

"ఎందుకు?"

"మా అమ్మ తోడు మేడం, ఎందుకో నాకు తెల్వదు. క్లాసుల చేరినప్పుడు సారు ఒక్కటే అడుగుతడు, ఇంట్ల ఎవరెవరున్నరని. మగదిక్కు లేదు, అడగనీకె తిరిగెటోళ్లు ఎవరు లేరంటె, ఆమెకు ఎరుపు కట్టమంటడు."

స్తంభం దగ్గర సాయమ్మ తలెత్తింది.

"నేనున్న గద" అంది సన్నగా. "నేను అడగనీకె తిరగలేదా రేణుకక్కా? చెప్పులరిగెదాంక తిరగలేదా?"

రేణుకమ్మ జవాబు చెప్పేలోపల బయటి షట్టర్ ధడేలున పైకి లేచింది.

ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు, చేతిలో కారు తాళాలు. హైదరాబాదు డిటెక్టివ్ జితేందర్. అర్చన కనబడటం లేదని గొడవైనప్పుడు ఏజెన్సీ ఓనరు ఇతన్నే పెట్టుకున్నాడు. నాలుగు రోజులు ఏసీ గదిలో దర్యాప్తు చేసి, పిల్ల ఎవడితోనో లేచిపోయిందని తేల్చి పారేసిన ఘనుడు.

"రేణుకమ్మగారూ, ఇది మా క్లయింట్ జాగ. తాళం ఎవలు తీసిండ్రు?"

"ఎవరు తియ్యలే సారూ. నన్ను జూసి అదే సిగ్గువడి ఊడింది."

"జోకులు బాగనే ఉన్నయి. అర్చన కేసు నేను క్లోజ్ చేసిన. ఎవనితోనో పోయింది."

"ఎవనితోని?"

"పేరు దొరకలే."

"పేరు లేనోనితోని, ముద్ర లేకుంట, తలుపు తియ్యకుంట పోయింది. మంచిగుంది. గాలి గూడ కిటికి తీస్తెనే పోతది సారూ."

జితేందర్ నల్లద్దాలు తీశాడు. "మీరు జిందగీల ఎన్నడన్న ఎయిర్‌పోర్టు మొకం జూసిండ్రా? నేను ఆ ఎయిర్‌పోర్టుల రెండుసార్లు దిగిన. మీలాంటోళ్లను అందుల ఇడిస్తే నీళ్ల నల్లా ఏడుందో దొరకబట్టేసరికి ఏడాది వడ్తది."

"నిజమే, ఒప్పుకుంట. నాకు కాళ్లు వణుకుతయి. గందుకే నిన్నే అడుగుత. చెకింగ్ దాటినంక దారి రెండు చీలుతది. యాదికుందా?"

"ఎందుకుండదు? కుడికి మెత్తగ కార్పెట్ ఉంటది, గేట్లన్ని అటే. ఎడమకు ఉత్త బండలు. అటు ఎవ్వడు పోడు."

"ఏమున్నది అటు?"

"పాత లేడీస్ బాత్రూం ఒకటి. రిపేరని బోర్డు వెట్టి ఉంటది. నేను పోయిన రెండుసార్లు బందే ఉండె."

చెప్పాక, తన మాట తన చెవికే తగిలినట్టు, అతని చూపు నేల మీదికి జారింది. ముగ్గు వెంట నడిచింది. చీలిక దగ్గర ఎడమకు తిరిగి, నున్నబడ్డ రాయి మీద ఆగిపోయింది.

"బందున్న బాత్రూంకు నీ ఓనరు దారి నేర్పుతుండు" అంది రేణుకమ్మ నెమ్మదిగా. "రిపేరు బోర్డు వెట్టిన తలుపు ఎనక ఎవరుంటరు సారూ? నువ్వు రెండుసార్లు దాని ముంగట్నుంచి పోయినవు. నీకు పైసలిచ్చినోడు నిన్ను ఎందుకు వెట్టుకున్నడో ఇప్పుడన్న తెలిసిందా? ఎతకనీకె గాదు. ఎతకకుండ ఉండనీకె."

అతని జేబులో ఫోన్ మోగింది. తెర మీద రాఘవేందర్ పేరు. తప్పక ఎత్తాడు. అవతలి గొంతు హాల్లో అందరికీ వినబడేంత గట్టిగా ఉంది.

"జితేందర్, శ్రవణ్‌గాడు ఏడున్నడు? ఫోన్ ఎత్తుతలేడు. మానవపాడు పిల్ల ఇంక ఆడికి రాలేదంట. మనోళ్లు ఎదురు జూస్తుండ్రు. సరిగ నేర్పిండా లేదా అడుగు. లేకుంటె మనిషిని వంపి తోలుకొస్తమంటుండ్రు."

శ్రవణ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. జితేందర్ రేణుకమ్మను చూశాడు. ఆ చూపులో ఇందాకటి దర్పం చుక్క కూడా లేదు.

"ఈడ లేడు సార్" అన్నాడు. "కనుక్కుంట." పెట్టేసి, ఆ ఫోన్‌ను పాము లాగా దూరంగా పట్టుకున్నాడు.

రేణుకమ్మ అప్పటికే షాజియాకు కలిపి, స్పీకర్ నొక్కింది.

"పెద్దమ్మా!" అంది పిల్ల. "ఆ పిల్లల తల్లి లేసి పోయింది. నల్లకోటు ఏసుకున్నోడు ఒకడు అందరి పెట్టెలు జూసుకుంట వస్తుండు. మెల్లగ. ఒక్కొక్కటే వంగి వంగి జూస్తుండు."

"నీ పెట్టెకు ఎర్ర అంచు ఉన్నది గద? ఇప్పు."

"ఇప్పుతున్న... గట్టిగుంది, వస్తలేదు."

"గోళ్లతోని లాగు."

"వస్తలేదు పెద్దమ్మా. వాడు ఇటే వస్తుండు."

"కొంగు కప్పు దాని మీద. లెవ్వు. ఉరుకకు, నడువు. నీకు దారి నేను చెప్త."

చెప్తానంది గాని, ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. కాళ్ల కింద ముగ్గు తప్ప ఇంకే ఆసరా లేదు. కుర్చీల విమానం దగ్గరికి వెళ్లి నిలబడింది. పిల్ల అక్కడ నడుస్తుంటే ఇక్కడ తనూ నడిచింది.

"పైన బోర్డులున్నయా?"

"ఉన్నయి. ఇంగ్లీషు, అరబ్బీ."

"ఇంగ్లీషు చదువొస్తదా?"

"రాదు. అరబ్బీ అచ్చరాలు సదువుత. చిన్నప్పుడు ఖురాన్ నేర్చిన గద. మాటల మతలబు మాత్రం తెల్వదు."

"సదువు బిడ్డా. మతలబు మనిద్దరం కలిసి తీద్దాం."

"అల్... బవాబాత్. బాణం గుర్తు. పక్కన అంకెలు. ఇంకో బోర్డు మీద గూడ గదే. గదే మాట, వేరే అంకెలు."

"ప్రతి అంకె పక్కన గదే మాట ఉంటె అది గేటే. ఆ బాణం వట్టుకోని పో."

జితేందర్ పక్కకు వచ్చి తల ఊపాడు. "కరెక్టే" అని గొణిగాడు.

"చెకింగ్ అయిపోయిందా?"

"అయింది. పెద్దమ్మా, వాడు గూడ కదిలిండు. నా ఎనకనే ఉన్నడు. దూరంగనే, గని నేను ఆగితే ఆగుతుండు."

"మొకం తిప్పకు. ఆడ యూనిఫాం ఏసుకున్న ఆడోళ్లు కనవడుతుండ్రా?"

"వాళ్లతోని మాట్లాడితే జైలే అని శ్రవణ్ సారు చెప్పిండు."

రేణుకమ్మ శ్రవణ్ వైపు చూసిన చూపుకు అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఆ సారు విమానాన్ని రోడ్డు మీదికెల్లి చూసిండు బిడ్డా. ఆయన మాట ఇనకు. గేటు కాడ కౌంటర్ల ఆడమనిషి ఉంటది. ఆమె చెయ్యి వట్టుకో, ఏడువు. ఏడుపుకు భాష అక్కర లేదు. అక్కడిదాంక ఆగకు."

చక్రాల చప్పుడు ఫోన్‌లో వినబడుతోంది. గరగర, గరగర. అది వింటూ రేణుకమ్మ ముగ్గు మీద అడుగు తర్వాత అడుగు వేసింది. నడిచే నేల వచ్చిందని పిల్ల అరిచినప్పుడు రేణుకమ్మ కళ్లు మూసుకుని పక్కనున్న బల్లను పట్టుకుంది. దిగాక ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"దారి చీలింది పెద్దమ్మా."

రేణుకమ్మ కూడా చీలిక దగ్గరే ఉంది.

"కుడికేమున్నది?"

"నీలం కార్పెట్. బవాబాత్ బాణం అటే ఉన్నది."

"పెట్టెను దాని మీదికి లాగి చూడు."

గరగర ఆగిపోయింది. కార్పెట్ మీద చక్రాలకు చప్పుడే లేదు. "అదే దారి! పో, ఆగకు!"

కానీ పిల్ల ఆగింది.

"పెద్దమ్మా... ఎడమ దిక్కు గోడకు ఒక పెట్టె ఆనిచ్చి ఉన్నది. అచ్చం నా పెట్టె. ఎర్ర అంచే ఉన్నది. నాదే ఆడికి పోయిందా అని గుండె ఆగింది."

రేణుకమ్మ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చింది. "ఒక్క ఫోటో వంపు. వంపి నడువు."

ఫోటో వచ్చింది. బూడిద రంగు గోడ, మూసిన తలుపు, ముందు పసుపు బోర్డు. పక్కన పెట్టె. దాని పిడికి ఎర్ర అంచు. రేణుకమ్మకు, జితేందర్‌కు అందులో ఇంకేమీ కనబడలేదు. ఇద్దరి మధ్య నుంచి సాయమ్మ తల దూర్చింది. ఫోన్‌ను కళ్ల దగ్గరికి లాక్కుంది.

"ఈ ముడి..."

"ఏంది సాయమ్మా?"

"ఇది బజారు ముడి గాదు. మగ్గం మీద పోగు తెగితే అతికెటోళ్లు ఏసే ముడి. నేనే నేర్పిన. నా బిడ్డది ఎడమచెయ్యి వాటం, గందుకే తోక ఇటు తిరుగుతది. చూడు, ఇటే తిరిగింది." ఆమె వేలు తెర మీది ముడి దగ్గర ఆగింది. "రేణుకక్కా, ఇది నా అర్చన ఏసిన ముడి."

అప్పుడే ఫోన్‌లోంచి ఇంకో గొంతు వినిపించింది. సన్నగా, అలిసిపోయి, తెలుగులో.

"షాజియావా? రా చెల్లె. బయట నిలవడకు, కెమెరా ఉన్నది."

"అర్చనా!" సాయమ్మ కేక హాలు కప్పుకు తగిలి తిరిగి వచ్చింది.

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"...అమ్మా?"

"బిడ్డా! ఎట్లున్నవే? ఏమన్న తిన్నవా?"

"తింటున్న అమ్మా. ఎండ మొకం జూడక శాన దినాలైంది."

రేణుకమ్మ ముందుకు వంగింది. "అర్చనా, నేను రేణుకమ్మను. మీ అమ్మ నిన్నెతకమంటే ఎతుకుతున్న. ఆ పిల్లతోని నువ్వు గూడ కుడికి పో. ఆడ కౌంటర్ల చెప్పు. నిన్నెవరు ఆపుతరు?"

"నా పాస్‌పోర్టు వాళ్లకాడ ఉన్నది అక్కా. వచ్చిన పెట్టెలన్ని నా చేతులతోనే మార్చిన. ఎవరికి చెప్పినా మొదలు జైలుకు పోయేది నేనే." గొంతు గుసగుసలోకి దిగింది. "నాకంటె ముందు ఈడ ఇంకొకామె ఉండె. నేను వచ్చిన్నాడు ఆమెకు పాస్‌పోర్టు ఇచ్చిండ్రు, పోయింది. నన్ను నిలవెట్టిండ్రు. ఎర్రంచు పిల్ల వచ్చినప్పుడు నువ్వు పోవచ్చన్నరు. రోజూ ఎర్రంచు కోసమే జూసిన."

రేణుకమ్మ చేతిలోని ఎర్ర ముక్క నిప్పులా తోచింది. ఆకుపచ్చ వస్తే పెట్టె మారుతుంది. ఎరుపు వస్తే మనిషి మారుతుంది.

"ఈ పిల్ల లోపలికొస్తే నేను ఇయ్యాలనే ఇంటికొస్త అమ్మా. రాకుంటె..." మిగతాది ఆమె అనలేదు. "గుంజుకపోవుడు నాతోని గాదు. ఫోన్ ఆమెకే ఇస్తున్న. మీరే చెప్పుండ్రి."

మళ్లీ షాజియా. ఇందాక అర్చన పక్కకు తిరిగి అన్నదేదీ ఆ పిల్ల చెవిన పడలేదని ఆ గొంతే చెబుతోంది.

"పెద్దమ్మా, ఆమె మనోళ్ల పిల్లనే. ఏడ్చుకుంట లోపలికి పోయింది. వాడు ఎనక నుంచి వస్తనే ఉన్నడు. జల్ది చెప్పు పెద్దమ్మా. కుడికా, ఎడమకా?"

రేణుకమ్మ నోరు తెరిచింది. మాట పెదవి దాటకముందే సాయమ్మ చెయ్యి ఫోన్‌ను తన్నుకుపోయింది. మగ్గం మీద ముప్పై ఏళ్లు పోగులు లాగిన చెయ్యి అది. ఉడుంపట్టు.

"బిడ్డా, ఎడమకే పో" అంది సాయమ్మ. కన్నీళ్లు కారుతున్నాయి గాని, గొంతు మాత్రం సొంత బిడ్డను నిద్రపుచ్చేంత మెత్తగా ఉంది. "ఆడ మన పిల్ల ఉన్నది. ఏం గాదు తల్లీ."

"సాయమ్మా!" రేణుకమ్మ ఆమె మీద పడింది. ఇద్దరూ ముగ్గు మీద దొర్లారు. తెల్లపొడి, ఎర్రమన్ను కలిసి చేతులకూ చీరలకూ పూసుకున్నాయి. "కుడికి! షాజియా, కుడికి పో బిడ్డా, కుడికి!"

"సరే పెద్దమ్మా" అంది ఫోన్‌లో గొంతు.

ఎవరి మాటకు సరే అందో తెలియదు.

ఫోన్ నేల మీద పడి ఉంది. అందరూ దాని చుట్టూ వంగారు. ఏ చప్పుడూ లేదు.

"కార్పెట్" అన్నాడు జితేందర్ గుసగుసగా. "కార్పెట్ మీదనే ఉన్నది."

సాయమ్మ రెండు చేతులతో తన చెవులు మూసుకుంది.

ఆ తర్వాత, ముందు సన్నగా, ఆ పైన గట్టిగా, బండల మీద చక్రాలు గరగరమన్నాయి.